గాజుల మలారము – మార్కెటింగు శాస్త్రము

ఒకరి చేతిలో తయారైన వస్తువు మరొకరి చేతికి చేరడాన్ని వాణిజ్యమంటారు. ఆ రెండు చేతుల మధ్యనున్న దూరాన్ని మైళ్ళలోను, రవాణా ఖర్చులలోను కొలవడం మన కామర్సు పుస్తకాలు నేర్పుతున్నాయి. కాని ఆ దూరంలో మైళ్ళకు లొంగని భాగమొకటి ఉన్నది. అమ్మేవాని ఇంట శుభమైనది కొనేవాని ఇంట అశుభం కావచ్చును. ఒకరికి మర్యాదగా తోచిన మాట మరొకరికి అవమానంగా వినిపించవచ్చును. ఈ దూరాన్ని దాటించే విద్యను గురించి, ఆ విద్యకును మన కళాశాలలో బోధిస్తున్న రెండు భాషలకును గల సంబంధాన్ని గురించి నా అభిప్రాయాలను విద్యార్థి సోదర సోదరీమణుల ముందు, కళాశాల కమిటీ పెద్దల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం. నేను కామర్సు చదివినవాడను కాను. తెలుగు సాహిత్యం చదివి తెలుగు చెప్పుకొంటున్నవాడను. ఈ విషయంలో నాకు గల అధికారమల్లా మా తాతగారి గాజుల మలారం మాత్రమే.

మా తాతగారు శ్రీకాకుళం చుట్టుపట్ల గ్రామాలలో భుజాన మలారం వేసికొని, గాజులమ్మి సంసారం ఈదినవారు. ఊరివారు ఆయనను "గాజుల సాయిబు" అని పిలిచేవారు. ఆయన నమాజు ఉర్దూ ఇంట నేర్చుకొన్నది. లెక్కలు మాత్రం తెలుగులో వేసేవారు. ఏ ఇంట సీమంతమో, ఏ ఇంట శ్రావణమాసపు పేరంటమో ఆయనకు ముందుగానే తెలిసేది. సీమంతానికి ఆకుపచ్చ గాజులు విడిగా కట్టి ఉంచేవారు. సరుకు అయిపోయినదని ఆయన ఏనాడూ అనలేదు. "నిండుకున్నాయి తల్లీ" అనేవారు. మలారం సర్దుకొని లేచేటప్పుడు "పోతాను" అనలేదు, "వెళ్ళివస్తాను" అనేవారు. ఇచ్చేవారు డబ్బిచ్చేవారు; లేనివారు కుప్ప నూర్చిన తరువాత చేటతో ధాన్యం కొలిచేవారు. ఆ బాకీకి కాగితం లేదు.

ఒక పరాయి పురుషుడు, అందునా అన్యమతస్థుడు, గృహిణి చేయి పట్టుకొని గాజు తొడగడం సామాన్య విషయం కాదు. ఆ చేతిని ఆయనకు అందించినది గాజు నాణ్యత కాదు, ధర కాదు. ఫిరోజాబాదు గాజు ఎవరి వద్దనైనా ఒకటే. "మన ఇళ్ళలో లేని ఆచారాల సంగతి మీకెందుకు దాదా?" అని చిన్నతనంలో ఒకసారి అడిగాను. "వాళ్ళ గుమ్మంలోకి ముందు వెళ్ళేది గాజు కాదురా, నేను. గాజు నా తరువాత వెళ్తుంది" అన్నారాయన. ఆనాడు అర్థం కాని ఈ మాట, విదేశీ వ్యాపారాల చరిత్ర చదివిన కొద్దీ అర్థమవుతూ వచ్చినది.

ఈ విద్య మా తాతగారితో పుట్టినది కాదు. తెలుగు తీరానికిది పాత విద్య. కళింగపట్నం సమీపంలో వంశధార ఒడ్డునున్న శాలిహుండం కొండమీద బౌద్ధ స్తూపాలు వెలసిన నాటినుండి ఈ సముద్రం మీద ధర్మమూ, సరుకూ కలిసే ప్రయాణం చేశాయి. అయితే విశదంగా తెలియవచ్చే ఉదాహరణ మచిలీపట్నం అద్దకం. గోలకొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం రేవునుండి కలంకారీ వస్త్రాలు పారశీక దేశానికి విరివిగా ఎగుమతి అయ్యేవి. "కలంకారీ" అన్న మాటయే పారశీకం. కలంతో చేసిన పని అని దానికర్థం. ఆ దేశానికి వెళ్ళే గుడ్డలపై దేవతామూర్తులుండవు. సరుగుడు వంటి నిటారు చెట్లు, పూలగుత్తులు, లతలు, మసీదు మిహ్రాబును పోలిన తోరణాలు ఉంటాయి. అదే కాలంలో, అదే తీరంలో శ్రీకాళహస్తి పనివారు రామాయణ భారత గాథలను దేవాలయాల కోసం చిత్రించారు. కలం ఒకటే, చెట్ల వేళ్ళనుండి తీసిన ఎరుపు ఒకటే. కాని కొనేవాని విశ్వాసాన్ని బట్టి ఒక గుడ్డ తోటయైనది, మరొక గుడ్డ పురాణమైనది.

సయాం దేశపు ముచ్చట మరింత చిత్రమైనది. అయుథయ రాజాస్థానం తమకు కావలసిన నమూనాలను తామే గీయించి కోరమండల తీరానికి పంపేది. చేతులు జోడించిన దేవతలు, జ్వాలల వంటి ఆకులు, వరుసలు వరుసలుగా సన్నని అంచులు గల ఆ గుడ్డలను రాజు తన అధికారులకు వారి వారి హోదాను బట్టి ప్రసాదించేవాడు. అంటే అక్కడ వస్త్రం ఒంటిని కప్పే వస్తువు కాదు. హోదాను తెలిపే పత్రం. ఒక అంచు తక్కువైతే గుడ్డ చెడదు, హోదా తారుమారవుతుంది. మన అద్దకపు పనివాడు సయాం దేశాన్ని చూచి ఉండడు. అయినా ఆ దేశపు మర్యాదను చెడకుండా అద్దవలసి వచ్చినది. డచ్చివారు 1605లో మచిలీపట్నంలోను, 1652లో మన భీమునిపట్నంలోను స్థావరాలేర్పరచుకొన్నది ఈ తీరపు గుడ్డల కోసమే. తూర్పు ద్వీపాలలో సుగంధద్రవ్యాలు కొనడానికి వెండికంటె కోరమండల వస్త్రం ఎక్కువ పనికివస్తున్నదని వారు తొందరగానే గ్రహించారు. సులవేసి ద్వీపంలోని తొరాజా జనులు అటువంటి భారతీయ వస్త్రాలను తరతరాలుగా పవిత్ర వస్తువులుగా భద్రపరచుకొన్నారు. జపానులో ఆ గుడ్డలకే "సరాసా" అని పేరు. అక్కడ తేనీటి వేడుకలో వాడే విలువైన పాత్రలకు వాటిని సంచులుగా కుట్టుకొన్నారు. ఇక్కడ దుప్పటి, అక్కడ పూజాద్రవ్యం, మరొకచోట పాత్రకు తొడుగు! వస్తువునకు అర్థం కల్పించేది కొనేవాడే గాని అమ్మేవాడు కాదని చెప్పడానికి ఇంతకంటె నిదర్శనమేమి కావాలి?

చీరాల తేలియా రుమాలు కూడ ఇట్టిదే. నూలును నూనెతోను, బూడిద నీటితోను పలుమార్లు నానబెట్టి, ఎరుపు నలుపు రంగులలో నేసిన ఆ రుమాలు "ఏషియా రుమాలు" అన్న పేరుతో అరబ్బు దేశాలకు వెళ్ళినది. నూనె పట్టిన ఆ గుడ్డను అక్కడివారు తలపాగాగా చుట్టుకొన్నారు. చీరాల సాలెవాడు ఎడారిని చూడలేదు. ఎడారిలోని తలకు ఏమి కావాలో మాత్రం తెలిసికొన్నాడు.

ఈ పరస్పర పరిచయానికి మన తెలుగు మాటలే సాక్ష్యం. బేరం, వెల, అప్పు, అంగడి మన మాటలు. లాభం, నష్టం సంస్కృతంనుండి వచ్చినవి. దుకాణం, ఖరీదు, రసీదు, నమూనా, జమ, ఖర్చు, బాకీ, వసూలు, వాయిదా, జామీను, షరతు, గుమాస్తా – ఇవన్నీ అరబ్బీ పారశీకాలనుండి ఉర్దూ ద్వారా మన చిట్టా పుస్తకంలో చేరినవి. శ్రీకాకుళం బజారులోని ఏ కోమటి సెట్టిగారి లెక్కలోనైనా ఈ మాటలు లేని పుట లేదు. ఈ రెండు భాషలు మన తరగతి గదులలో వేరువేరు గంటలలో చెప్పబడుతున్నవే గాని, బజారులో ఏనాడో ఒకే త్రాసులో కూర్చున్నవి.

ఇక ప్రస్తుత కాలానికి వద్దాము. ఒక దేశం సరుకు మరొక దేశంలో అమ్మాలంటే అక్కడి సంస్కృతిని తెలిసికోవాలని నేటి మార్కెటింగు పండితులందరూ చెబుతున్నారు. ఇందుకై వారు ఎక్కువగా ఆశ్రయించే గ్రంథం హాలండు దేశస్థుడైన గీర్ట్ హాఫ్‌స్టెడ్ 1980లో ప్రకటించినది. ఐ.బి.యం. కంపెనీ ఉద్యోగులనుండి వివిధ దేశాలలో సేకరించిన 1,16,000 ప్రశ్నపత్రాలను పరిశీలించి, పెద్దలయెడ విధేయత, వ్యక్తి ప్రాధాన్యం, అనిశ్చితి యెడ భయం మొదలైన గుణాలలో ఒక్కొక్క దేశానికి ఆయన కొన్ని అంకెలు కట్టాడు. తరువాత హాంగ్‌కాంగులోని మైకేల్ బాండ్ చీనా విలువలపై చేసిన పరిశోధన ఫలితంగా దీర్ఘకాల దృష్టి అనే మరొక గుణం చేరినది. ఆయన కృషి గొప్పది. ఆసియా వాసులందరూ ఒకటి కారని, పాశ్చాత్యుల పద్ధతులు అంతటా చెల్లవని ప్రపంచానికి అంకెలతో నచ్చజెప్పినవాడాయన. కాని ఒక దేశానికొక అంకె కట్టినప్పుడు ఆ దేశంలోని వీధులు అందులో కనబడవు. ఐ.బి.యం. ఉద్యోగి ఇచ్చిన జవాబునుబట్టి పాలకొండ సంతకు వచ్చే సవర స్త్రీ మనసును, విజయనగరం గంటస్తంభం వద్ద బట్టలు బేరమాడే గృహిణి మనసును తెలిసికోగలమా?

ఒక్క తెలుపు రంగునే తీసికొందాము. చీనాలోను, కొరియాలోను తెలుపు మృతాశౌచపు రంగు గనుక శుభకార్యపు బహుమతులకు తగదని పట్టికలు చెబుతాయి. ఇది నిజమే. మన హిందూ సోదరులలో కూడ తెల్లచీర వైధవ్యానికి గుర్తని అందులో వ్రాస్తారు. ఇదీ నిజమే. కాని పెండ్లిపీటల మీద వధూవరులు కట్టే మధుపర్కాలు తెలుపే కదా! అంచున ఎరుపు, మూలన పసుపు తగిలితే అదే తెలుపు మంగళకరమవుతున్నది. మా ఇండ్లలో చూడండి: శుక్రవారపు నమాజుకు తెలుపు, హజ్ యాత్రికుని ఇహ్రాముకు తెలుపు, చివరకు కఫనుకూ తెలుపే. ఒకే గుడ్డ భక్తికి, యాత్రకు, మరణానికి కూడ పనికివస్తున్నది. కాబట్టి "తెలుపు అశుభం" అన్న వాక్యంకంటె "ఎవరికి, ఎప్పుడు, ఏ అంచుతో" అన్న ప్రశ్న విలువైనది. పట్టిక జవాబులిస్తుంది, పరిచయం ప్రశ్న అడగడం నేర్పుతుంది. నేను విశ్వవిద్యాలయంలో చదివే రోజులలో ఈ తేడా తెలియక, మిత్రుని చెల్లెలి పెండ్లికి అంచులేని తెల్లని పొందూరు గుడ్డ ఎంతో ప్రేమతో కొనిపోయాను. వారు మర్యాదస్థులు గనుక ఏమీ అనలేదు. మిత్రుని తల్లిగారు లోపలికి వెళ్ళి ఆ గుడ్డ నాలుగు మూలలా పసుపు అద్ది తెచ్చి, "ఇప్పుడు సరిపోయింది బాబూ" అన్నారు. నాకు ఏ అధ్యాపకుడూ చెప్పని పాఠం ఆ తల్లి చెప్పినది.

తెలియకపోవడం వలన పెద్ద పెద్ద సంస్థలే దెబ్బతిన్నాయి. 2003లో జపానుకు చెందిన టయోటా సంస్థ తన ప్రాడో కారు కోసం చీనాలో ఒక ప్రకటన వేసినది. అందులో రాతి సింహాలు ఆ కారుకు ఒకటి సలాము చేస్తుంది, ఇంకొకటి తలవంచుతుంది. ఆ సింహాలు చీనావారికి మార్కోపోలో వంతెనమీది సింహాలను గుర్తుకు తెచ్చాయి. 1937లో జపాను యుద్ధం మొదలైనది ఆ వంతెన వద్దనే. పైగా కారుకు చీనా భాషలో పెట్టిన పేరుకు దౌర్జన్యంతో ఏలడమనే అర్థం ఉన్నది. ప్రజాగ్రహం చెలరేగగా సంస్థ క్షమాపణ చెప్పుకొని, ప్రకటనను ఉపసంహరించి, తరువాత ఆ పేరునూ మార్చినది. మరుసటి సంవత్సరమే నిప్పన్ పెయింట్ ప్రకటనలో రంగు పూసిన స్తంభం నున్నగా ఉన్నందున దానికి చుట్టుకొన్న డ్రాగన్ జారి క్రింద పడినట్లు చిత్రించారు. రంగు నునుపును చెప్పడమే వారి ఉద్దేశం. తమ జాతి చిహ్నాన్ని నేలమీద పడవేశారని చీనావారు భావించారు. బొమ్మ గీసినవారికి డ్రాగన్ ఒక అలంకారం. చూచినవారికి అది తాత ముత్తాతల గౌరవం.

ఇంతకంటె లోతైన ఉదాహరణ ఇండొనేషియాలో జరిగినది. అక్కడ అజినొమొటో అనే జపాను సంస్థ వంటలలో వాడే రుచిపొడిని తయారు చేస్తున్నది. దాని తయారీలో సూక్ష్మజీవులను పెంచడానికి వాడే ఆహారాన్ని సిద్ధం చేయడంలో పంది శరీరంనుండి తీసిన ఎంజైమును వాడినట్లు 2000 సంవత్సరం చివర తెలియవచ్చినది. తుది పదార్థంలో పంది అంశ లేదని సంస్థ వాదించినది. మతపండితుడు కూడ అయిన నాటి దేశాధ్యక్షుడు అబ్దుర్రహ్మాన్ వాహిద్ ఆ పదార్థం హలాలే అన్నాడు. ఉలేమా మండలి ఒప్పుకోలేదు. సంస్థ అధికారులను నిర్బంధించారు. 2001 జనవరిలో సరుకంతా బజారునుండి వెనుకకు తీసికొన్నారు. రసాయనశాస్త్రం దృష్టిలో ప్రశ్న "పొడిలో ఏమున్నది?" అన్నది మాత్రమే. విశ్వాసి దృష్టిలో ప్రశ్న "ఇది ఏ దారిన వచ్చినది? నాకు ముందుగా ఎందుకు చెప్పలేదు?" అన్నది. ఈ రెండు ప్రశ్నలకు సమాధానం ఒకటి కాదు.

ఇది మనకు దూరపు ముచ్చటగా తోచవచ్చును. కాని మన పొందూరుకు రండి. కొండపత్తి, పునాసపత్తినుండి నూరో నంబరు నూలు వడికే ఆ స్త్రీల హస్తకౌశలం జగద్విదితం. గాంధీజీ తన కుమారుడు దేవదాసు గాంధీని అక్కడి పని తెలిసికొని రావడానికి పంపారు. అక్కడ గింజ తీయకముందు పత్తిని శుభ్రంగా దువ్వడానికి వాడే సాధనం వాలుగ చేప దవడ! ఆ సన్నని పండ్లకు సాటివచ్చే దువ్వెన మరొకటి లేదని వారి విశ్వాసం. ఈ ఖాదీని పరమ శాకాహారియైన జైన గృహస్థునికి అమ్మవలసి వచ్చినదనుకొందాము. గుడ్డలో చేప లేదు, తయారీలో ఉన్నది. మనం చెప్పాలా, దాచాలా? చెప్పాలనే నా అభిప్రాయం. చెప్పితే ఒక బేరం పోవచ్చును. దాచితే, తెలిసిన నాడు పొందూరు అన్న పేరే పోతుంది. కొనేవాని విలువలను గౌరవించడమంటే వాటిని ఆసరాగా చేసికొని సరుకు అంటగట్టడం కాదు. నిర్ణయించుకొనే హక్కు అతనిదని ఒప్పుకోవడం.

ఇచట ఒక ఆక్షేపణ రావచ్చును. వ్యాపారం పెరిగితే జాతుల మధ్య అవగాహన దానంతటదే పెరుగుతుంది గదా అని కొందరు అంటారు. మన జిల్లాల చరిత్ర అట్లా చెప్పడం లేదు. మన తాతల తరంలో కళింగపట్నం, భీమునిపట్నం, కాకినాడ రేవులనుండి వేలాదిమంది రంగూను వెళ్ళారు. అక్కడ తెలుగువారికి కోరంగి రేవు పేరుమీద "కొరంగీలు" అని పేరు వచ్చినది. 1930 మే నెలలో కూలి పెంచమని రేవులోని తెలుగు కూలీలు సమ్మె చేయగా, వారి స్థానంలో బర్మీయులను పనిలో పెట్టారు. సమ్మె పరిష్కారమై తెలుగువారు తిరిగిరాగా బర్మీయులను పొమ్మన్నారు. నాడు రేవులో మొదలైన ఘర్షణ నగరమంతా వ్యాపించి అనేకుల ప్రాణాలను బలిగొన్నది. తరువాత 1942లో జపాను దండయాత్రతో లక్షలాది భారతీయులు కట్టుబట్టలతో తిరిగివచ్చారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అన్న పేట నేటికీ ఆ వలసలను గుర్తు చేస్తున్నది. బర్మాలో చాలకాలం అధికారిగా పనిచేసిన ఫర్నివాల్ 1948లో ప్రకటించిన గ్రంథంలో ఈ సమాజాన్ని వర్ణించాడు: అక్కడ పలుజాతుల వారు కలిసికొనేది బజారులో మాత్రమే, కొనడం, అమ్మడం ముగియగానే ఎవరి గూటికి వారు చేరుతారు అని దాని సారాంశం. కూలీలిద్దరూ పేదవారే. వారిద్దరినీ ఒకరిపై ఒకరిని నిలిపినవారు మాత్రం వారి విలువలను కాక, వారి కూలి ధరను మాత్రమే తెలిసికొన్నారు. కాబట్టి బజారు తనంతట తాను మనుషులను కలపదు. కలపాలని కోరుకొనేవాడు బజారులో ఉండాలి.

మరొక ఆక్షేపణ ఇంతకంటె కష్టమైనది. కొనేవాని సంస్కృతిలోని ప్రతి అంశాన్ని గౌరవించవలసిందేనా? ఆసియా ఖండమంతటా తెల్లని చర్మానికి ఉన్న మోజు చూడండి. మన దేశంలో 1975లో ఫెయిర్ అండ్ లవ్లీ బజారులోనికి వచ్చినది. నల్లని పిల్లకు ఉద్యోగం రాదు, సంబంధం కుదరదు అన్న భయం మీద ఆ ప్రకటనలు దశాబ్దాలపాటు నడిచాయి. 2020లో ప్రపంచమంతటా విమర్శలు రాగా దాని పేరులోని "ఫెయిర్" పోయి "గ్లో" వచ్చినది. ఆ సంస్థకు మన సంస్కృతి తెలియదని చెప్పలేము. చాల బాగా తెలుసు. గాయం ఎక్కడున్నదో తెలిసికొని దానిమీదనే దుకాణం పెట్టడం కూడ సాంస్కృతిక పరిజ్ఞానమే! ఇట్టి పరిజ్ఞానాన్ని మన విద్యార్థులు నేర్వకూడదు.

మా తాతగారి విషయంలో కూడ నేనొక సంగతి దాచను. భర్త పోయిన స్త్రీ ఉన్న ఇంటిముందు ఆయన కేక వేసేవారు కారు. గొంతు తగ్గించి సాగిపోయేవారు. అది ఆ ఊరి మర్యాద. ఆ నిశ్శబ్దం గుమ్మం లోపలనున్న ఆమెకు ఎట్లా వినిపించేదో ఆయన ఆలోచించారో లేదో నాకు తెలియదు. కాని ఒక సంగతి మా నాయనమ్మ చెప్పగా విన్నాను. అట్టి ఇంటి చిన్నపిల్ల వీధిలోకి పరుగెత్తుకొని వస్తే, ఆయన డబ్బు అడగకుండా ఆ పిల్ల చేతికి రెండు గాజులు తొడిగేవారట. ఆచారాన్ని కాదనే శక్తి ఆయనకు లేదు. దాని కాఠిన్యాన్ని కొంత తగ్గించే మనసు ఉన్నది. అమ్మేవాడు సంఘసంస్కర్త కాకపోవచ్చును. కాని ఆచారంలో ఆదరించవలసినది ఏదో, లాభానికి వాడుకోకూడనిది ఏదో ఎరిగినవాడై ఉండాలి.

2020 అక్టోబరులో తనిష్క్ నగల సంస్థ ఒక ప్రకటన చేసినది. అందులో ఒక ముస్లిం కుటుంబం తమ హిందూ కోడలికి ఆమె పుట్టింటి ఆచారం ప్రకారం సీమంతం జరుపుతుంది. కొందరు తీవ్రంగా నిరసించారు. తమ సిబ్బంది క్షేమాన్ని కూడ దృష్టిలో ఉంచుకొన్నామని చెప్పి సంస్థ కొద్దిరోజులలోనే దానిని ఉపసంహరించుకొన్నది. కొలువులో ఉన్నవారి ప్రాణాలకు బాధ్యత వహించే సంస్థను నేను నిందించను. వివాహ విషయంలో భిన్నాభిప్రాయం గలవారు రెండు మతాలలోను ఉన్నారు. వారి అభిప్రాయం వారిది. కాని నాకొక ఆలోచన కలిగినది. సీమంతపు గాజులు తొడిగిన సాయిబు చేయి మన ఊళ్ళకు కొత్త కాదు. ఏ ప్రకటనా లేకుండా, ఏ కేకలూ లేకుండా అది తరతరాలుగా జరుగుతూ వచ్చినది. పటంలో బొమ్మగా చూస్తే కోపం తెప్పించిన దృశ్యం, గుమ్మంలో మనిషిగా వస్తే పసుపు కుంకుమల మధ్య చాప వేయించుకొన్నది. తేడా ఎక్కడున్నది? గుమ్మంలోని మనిషి ముందుగా ఆ ఇంటివారికి తెలిసినవాడు.

విద్యార్థి మిత్రులారా! మీ తల్లిదండ్రులు నన్ను తరచుగా ఒక ప్రశ్న అడుగుతుంటారు: "మాస్టారూ, ఈ ఉర్దూ, ఈ తెలుగు మా పిల్లవాడికి ఏ ఉద్యోగం తెచ్చిపెడతాయి?" ఇది తోసిపుచ్చవలసిన ప్రశ్న కాదు. ఇంగ్లీషు, గణకశాస్త్రం, కంప్యూటరు రాకుండ భాషలు మాత్రమే అన్నం పెట్టవు. ఉర్దూ లిపి తెలిసినంత మాత్రాన అరబ్బీ వచ్చినట్లూ కాదు. కాని ఇంగ్లీషు, లెక్కలు వచ్చినవారు లక్షలలో ఉన్నారు. ఒక ఇంట రంజాను సేమియాలు, పొరుగింట సంక్రాంతి అరిసెలు తిని పెరిగి, ఇద్దరి మర్యాదలూ ఇద్దరి భాషలలో ఎరిగినవారు అంతమంది లేరు. మన పాత విద్యార్థి ఒకడు గల్ఫు దేశంలో కిరాణా దుకాణంలో పనిచేస్తున్నాడు. జనవరి వచ్చేసరికి తెలుగు కూలీలు బెల్లం కోసం, బియ్యప్పిండి కోసం వెతుకుతున్నారని గమనించి, ముందుగా తెప్పించమని యజమానికి చెప్పాడట. సరుకు వారంలో నిండుకున్నదని నాకు ఉత్తరం వ్రాశాడు. "అయిపోయినది" అని వ్రాయలేదు. "నిండుకున్నది" అనే వ్రాశాడు. నా తెలుగు పాఠం వృథా పోలేదని సంతోషించాను.

కళాశాల కమిటీ పెద్దలకు మూడు మనవులు. మొదటిది: చివరి సంవత్సరం విద్యార్థి ప్రతి ఒక్కరూ మన రెండు జిల్లాలలోని ఒక దుకాణాన్నో, సంతనో ఎన్నుకొని, అక్కడ ఏ పండుగకు ఏ సరుకు వెళ్తుందో, ఏ మాట పలుకుతారో, ఏ మాట పలకరో తెలుగులోను, ఉర్దూలోను వ్రాసి సమర్పించాలి. రెండవది: కామర్సు శాఖ, తెలుగు శాఖ, ఉర్దూ శాఖ కలిసి పొందూరు ఖాదీకి, బుడితి ఇత్తడికి, పలాస జీడిపప్పుకు రెండు భాషలలో వివరపత్రాలు తయారు చేయించి, వాటిని పనివారి చేతనూ, కొనేవారి చేతనూ చదివించి దిద్దించాలి. ఒకే పలాస పప్పు దీపావళి బహుమతి డబ్బాలోకి, రంజాను షీర్‌ఖుర్మాలోకి, గుడి ప్రసాదంలోకి వెళ్తున్నది; మూడింటికీ ఒకే మాట చాలదు. మూడవది: ఈ పనిలో ఉర్దూ పిల్లలకు తెలుగు పిల్లలను, తెలుగు పిల్లలకు ఉర్దూ పిల్లలను జతపరచాలి. ఈ మూడవదే అన్నిటికంటె ముఖ్యం. వీటికి కొత్త భవనం అక్కరలేదు, పెద్ద నిధి అక్కరలేదు. వారానికి రెండు గంటలు చాలు.

మా తాతగారి మలారం ఇప్పటికీ మా ఇంట అటకమీద ఉన్నది. దానికి గాజులు లేవు. తాళ్ళు మాత్రం మిగిలాయి. ఆ తాళ్ళలో ఏ గాజు ఏ ఇంటిదో ఆయనకు కన్ను మూసినా తెలిసేది. ఆసియా ఖండపు వాణిజ్యమంతా రేపు యంత్రాల చేతిలోకి, తెరల మీదికి వెళ్ళవచ్చును. అప్పుడు కూడ గుమ్మం ముందు నిలబడి "అమ్మా" అని పిలవవలసినవాడు ఒకడుంటాడు. ఆ పిలుపు ఎవరికి ఎట్లా వినిపిస్తుందో ఎరిగినవానిగా మన విద్యార్థిని తీర్చిదిద్దడం మన కళాశాల చేయగల పని. చేయవలసిన పని కూడ.